సాఫ్ట్‌వేర్ అంగముల సమన్వయము: అర్థనిరూపణము

పదములకు విడివిడిగా అర్థమున్నంతమాత్రమున వాక్యార్థము సిద్ధింపదనియు, ఆకాంక్షా యోగ్యతా సన్నిధులు కూడ కావలెననియు మన శాస్త్రకారులు నిర్ణయించిరి. ఇట్టి ప్రశ్నయే కంప్యూటరు శాస్త్రమునందును కలదు. పెక్కు సాఫ్ట్‌వేర్ అంగములు కలిసి పనిచేయునపుడు ఆ కలయికకు అర్థమేమి? దానిని గణితరీతిని నిష్కర్షగా చెప్పుట యెట్లు? అర్థవిచారము చేయువారికి ఉపకరించునని తలచి ఈ విషయమును ఇట సంగ్రహముగా వివరింపబూనితిమి.

1985లో డేవిడ్ గెలెర్న్‌టర్ ప్రకటించిన లిండా పద్ధతిలో ఒక అంగము తన దత్తాంశమును ఉమ్మడి స్థలమున నుంచును. అవసరమున్న మరియొక అంగము దానిని గైకొనును. ఇచ్చువారు పుచ్చుకొనువారిని ఎరుగనక్కరలేదు. గణన మొకటి, సమన్వయము వేరొకటి యను భేదమును 1992లో ఆయనయు నికొలస్ కారియెరోయు స్పష్టపరచిరి.

ఆమ్‌స్టర్‌డామ్‌లోని గణిత, కంప్యూటరు విజ్ఞాన పరిశోధనాసంస్థకు చెందిన ఫర్హాద్ అర్బాబ్ 2004లో రియో యను సమన్వయ పద్ధతిని సవిస్తరముగా ప్రకటించెను. ఇందు ఛానెళ్లను కూడళ్లయొద్ద కలిపి పెద్ద సంధాయకములను నిర్మింతురు. వానిలో మూడింటిని గ్రహించిన చాలును. సింక్ అనునది ఒకే క్షణమున గైకొని ఇచ్చును. ఫిఫో-1 ఒక్క దత్తాంశమును తనయందు నిలుపుకొని, తరువాత ఇచ్చును. లాసీ-సింక్, పుచ్చుకొనువాడు సిద్ధముగా నున్నచో ఇచ్చును. లేనిచో తాను గైకొని పోగొట్టును.

2006లో బాయర్, సిర్జానీ, అర్బాబ్, రుటెన్ అనువారు రియోకు నియమబద్ధ ఆటోమేటాల రూపమున అర్థమును కల్పించిరి. ఏ యే కూడళ్లలో దత్తాంశము ఏకకాలమున ప్రవహించునో, ఏ నియమమునకు లోబడి ప్రవహించునో ప్రతి పరివర్తనమును తెలుపును. ఫిఫో-1కు ఖాళీ, నిండు అని రెండు స్థితులు. భాగముల ఆటోమేటాలను గుణించిన సమగ్రమునకు అర్థము లభించును. అవయవార్థమునుండి సముదాయార్థము సిద్ధించుట ఇందలి విశేషము.

అయినను ఒక చిక్కు కలదు. క-చ కూడళ్ల నడుమ లాసీ-సింక్‌ను, చ-ట కూడళ్ల నడుమ ఖాళీగానున్న ఫిఫో-1ను ఉంచుదము. ఫిఫో పుచ్చుకొనుటకు సిద్ధముగానే యున్నది. కావున దత్తాంశము నష్టపడరాదు. కాని లాసీ-సింక్ ఆటోమేటాలో క-చ లు రెండును ప్రవహించుట, క ఒక్కటియే ప్రవహించుట అని రెండు పరివర్తనములు కలవు. గుణింపగా రెండవదియు నిలిచి, కారణములేని నష్టమును అనుమతించుచున్నది. ఏలయన, ఈ ఆటోమేటా ప్రవాహము ఎచట కలదో చెప్పునేగాని, ఎచట ఏల లేదో చెప్పదు.

క్లార్క్, కోస్టా, అర్బాబ్ అనువారు 2007లో ప్రకటించిన వర్ణవిధానము ఈ లోపమును తీర్చినది. ప్రవాహమునకు ఒక వర్ణము. ప్రవాహాభావమునకు, కారణము ఏ వైపునుండి వచ్చునో దానినిబట్టి రెండు వర్ణములు. కూడలియందు ప్రవాహము లేనిచో ఏదేని ఒక వైపు కారణము చూపవలెను. లాసీ-సింక్ పోగొట్టవలెనన్న చ యొద్ద అవతలి ఛానెలు కారణము చూపవలెను. ఖాళీ ఫిఫో అట్టి కారణమును చూపజాలదు. కావున ఆ నష్టము త్రోసివేయబడును.

ఖాళీ ఫిఫోయందు ఒక విధమైన ఆకాంక్ష కలదనవచ్చును. ఇది పోలికయేగాని, ప్రాచీనులు ఈ శాస్త్రము నెరిగిరని మా వాదము కాదు. జరిగినదానిని మాత్రమే చెప్పు అర్థము అసమగ్రము. జరుగనిదానికి హేతువును గూడ అది వహింపవలెనని ఈ చిన్న ఉదాహరణము నిరూపించుచున్నది.