అంగీకార పత్రం: భాష, చట్టం, వైద్యం

మా మేనత్తది హోసూరు దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, సంతలో తెలుగూ కన్నడమూ తమిళమూ. చదువు మాత్రం ఏ భాషలోనూ లేదు. కొన్నేళ్ల కిందట కడుపునొప్పితో ఆమెను ఒక ఆసుపత్రిలో చేర్చినప్పుడు, కడుపులోకి సన్నని గొట్టం పంపి చూడాలన్నారు. వేలిముద్ర కోసం తెచ్చిన కాగితం ఒకవైపు ఇంగ్లీషులోను, మరోవైపు తమిళంలోను ఉంది. దాన్ని తెలుగులో చెప్పే పని నామీద పడింది. నేను చెప్పినదంతా విని ఆమె ఒకే ప్రశ్న అడిగింది: "ఏం నాయనా, చూసి విడిచిపెడతారా, కోసి తీసేస్తారా?" కాగితంలో ఆ రెండింటికీ కలిపి ఒకే వాక్యం రాసి ఉంది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

ఆమె అడిగినదే సుప్రీంకోర్టు ముందుకూ వచ్చింది. ఒక స్త్రీ కడుపులో గొట్టం పెట్టి చూడటానికి ఒప్పుకుంది. ఆమె మత్తులో ఉండగా, బయట కూర్చున్న తల్లిని అడిగి, వైద్యులు గర్భాశయాన్ని తొలగించారు. చూడటానికి ఇచ్చిన అంగీకారం తీసివేయడానికి చెల్లదని, ప్రాణాపాయం లేనప్పుడు మేజరైన రోగి తెలివిలోకి వచ్చేదాకా ఆగవలసిందేనని, తల్లి మాట ఆమె మాటకు బదులు కాదని 2008 జనవరిలో కోర్టు తీర్పు చెప్పింది.

భాషాశాస్త్రం చదివేవారికి ఇందులో పనేముందని అడగవచ్చు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 13వ సెక్షను చూడండి. ఇద్దరు వ్యక్తులు ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే దాన్ని సమ్మతి అనాలంటుంది. ఒకే అర్థంలో! అర్థవిచారంలో మేము తరగతి గదుల్లో ఏళ్ల తరబడి తేల్చలేని సంగతిని చట్టం ఒక్క వాక్యంలో షరతుగా పెట్టింది. అది నెరవేరిందో లేదో చూడాలంటే వైద్యుడొక్కడూ చాలడు, న్యాయవాది ఒక్కడూ చాలడు. ఆ ఇద్దరి మధ్య మాట ఎలా నడిచిందో, ఎవరికి ఎవరంటే భయమో తెలిసినవారు కూడా కావాలి.

ఈ మూడు రంగాలనూ కలిపి చూసే పండితులలో కౌశిక్ సుందర్ రాజన్ ఒకరు. షికాగో విశ్వవిద్యాలయంలో మానవశాస్త్ర ఆచార్యులు. 2017లో వచ్చిన ఆయన గ్రంథం 'ఫార్మోక్రసీ' రెండు వ్యవహారాలను పరిశీలిస్తుంది. ఒకటి రక్త క్యాన్సరు మందు గ్లివెక్ పేటెంటు తగాదా. 2013లో సుప్రీంకోర్టు ఆ పేటెంటును నిరాకరించింది. రెండోది మన ఖమ్మం జిల్లాది.

ఇప్పుడు తెలంగాణలో ఉన్న భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 2009లో పది నుంచి పద్నాలుగేళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు టీకా వేశారు. ఇటువంటి పనే గుజరాత్‌లోనూ జరిగింది. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపివేశారు. రెండు రాష్ట్రాల్లోనూ కలిపి ఏడుగురు బాలికలు మరణించారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని ప్రభుత్వ విచారణ సంఘం పేర్కొంది. నేనిక్కడ టీకా గుణదోషాలను విచారించడం లేదు. నా దృష్టి అంగీకార పత్రాల మీద. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టు నివేదికలో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 9,543 పత్రాల లెక్క ఉంది. వాటిలో 1,948 మీద వేలిముద్రలు. 2,763 మీద హాస్టలు వార్డెన్ల సంతకాలు. అంటే పదింట మూడు పత్రాల మీద దాదాపు తల్లి చేయీ లేదు, తండ్రి చేయీ లేదు. ఆ మండలాల్లో కోయ మాట్లాడే కుటుంబాలున్నాయి. తెలుగు పత్రం కూడా వారికి పొరుగు భాషలోదే.

అసలు తగాదా ఒక పేరు దగ్గర మొదలైందంటే ఆశ్చర్యపోకండి. దాన్ని నిర్వహించినవారు 'ప్రదర్శనాత్మక పథకం' అన్నారు. స్థాయీ సంఘం అది క్లినికల్ ట్రయలే అంది. పథకమైతే ఒక నియమావళి, ట్రయలైతే మరొకటి. ఆ తరువాత ఈ నివేదికను కోర్టు చూడవచ్చునా అన్న ప్రశ్న రాజ్యాంగ ధర్మాసనందాకా వెళ్లింది. చూడవచ్చును గాని నివేదిక చెల్లుబాటును ప్రశ్నించరాదని 2018 మేలో తేల్చారు.

క్లినికల్ ట్రయల్‌ను తెలుగులో ఏమందాం? 'మందు పరీక్ష' అని రాయడం చూశాను. మన భాషలో పరీక్ష బడిలో ఉంది, రక్తానికి ఉంది, ప్రయోగశాలలోనూ ఉంది. 'మీకు పరీక్ష చేస్తాం' అంటే రోగి తన జబ్బును కనిపెడుతున్నారనుకుంటాడు. తన మీద మందును కనిపెడుతున్నారనుకోడు. 'యాదృచ్ఛికంగా ఎంపిక' అనే మాట వ్యాకరణరీత్యా నిర్దుష్టమే గాని మా మేనత్తకు పనికిరాదు. 'చీటీ వేసినట్టు' అంటే చాలు. బయాప్సీకి కోశవిద్యార్థులు ఏం రాస్తారో గాని, పల్లెలో 'ముక్క తీసి పంపడం' అని ఎప్పుడో స్థిరపడింది.

మీలో చాలామంది బళ్లారిలోనో బరంపురంలోనో షోలాపూరులోనో పెద్దవాళ్ల పక్కన నిలబడి ఈ పని చేసే ఉంటారు. ఇంటి తెలుగు వేరు, ఆసుపత్రి కాగితం వేరు. కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ గురించిన 2019 నియమాల ప్రకారం పాల్గొనే వ్యక్తికి అర్థమయ్యే భాషలో, శాస్త్ర పరిభాష లేకుండా చెప్పాలి. చదువురానివారి విషయంలో నిష్పాక్షికుడైన సాక్షి మొదటినుంచి చివరిదాకా ఉండాలి. ఇది ట్రయల్స్‌కు పెట్టిన నియమం. మామూలు చికిత్సలో ఆ సాక్షి స్థానంలో సాధారణంగా కొడుకో మేనల్లుడో ఉంటాడు. అతనికి ఆపరేషను త్వరగా కానివ్వాలనే ఆత్రం ఉంటుంది, కష్టమైన మాటను మెత్తగా చెప్పాలనే ప్రేమా ఉంటుంది. రెండూ అనువాదాన్ని వంచుతాయి.

ఆ రోజు నేను వైద్యుణ్ణి మళ్లీ పిలిపించి అడిగాను. చూడటమే, తీయవలసి వస్తే మళ్లీ అడుగుతామన్నారు. ఆ మాటను కాగితం మీద చేతితో రాయించాను, అత్త వేలిముద్ర వేసింది. 'గాయం కావచ్చు, అరుదుగా ప్రాణాపాయం' అన్న తమిళ వాక్యాన్ని మాత్రం 'కొంచెం ఇబ్బంది ఉండవచ్చు' అని చెప్పాను. నా తెలుగును ఆ తమిళంతో పోల్చి చూడగలిగినవారు ఆ గదిలో ఇంకెవరూ లేరు.