భగత్ సింగ్ పిస్తోలు

పిస్తోలు ఎవరిదో ఎలా తెలుస్తుంది? చూడడానికి అన్నీ ఒకేలా ఉంటాయి. కానీ తయారుచేసిన కంపెనీ ఒక్కోదాని మీద ఒక్కో నెంబరు కొడుతుంది. మన రేషన్ కార్డు నెంబరు ఇంకొకరి కార్డుకు ఉండదు కదా! ఇదీ అంతే.

1928లో లాహోర్‌లో సైమన్ కమిషన్‌ను వద్దంటూ జనం ఊరేగింపు తీశారు. పోలీసులు లాఠీలతో కొట్టారు. తర్వాత కొద్దిరోజులకే లాలా లజపతిరాయ్ చనిపోయారు. ఆ దెబ్బలకే పోయారని జనం మండిపడ్డారు. కొట్టించిన అధికారి స్కాట్. అతన్ని చంపాలని భగత్ సింగ్, అతని తోటివారు డిసెంబరు 17న కాపు కాశారు. బయటికి వచ్చింది మాత్రం సాండర్స్ అనే వేరే అధికారి. స్కాట్ అనుకుని అతన్ని కాల్చేశారు.

పోలీసులు ఊరంతా వెతుకుతున్నారు. అప్పుడు భగత్ సింగ్‌ను లాహోర్ దాటించింది ఒక ఆడమనిషి. పేరు దుర్గావతీదేవి. అందరూ ఆమెను వదినా అని పిలిచేవారు. అతని భార్యలాగా నటిస్తూ, చిన్న కొడుకును వెంటబెట్టుకుని రైలెక్కింది. ఎంత గుండె ధైర్యం!

1929 ఏప్రిల్ 8న ఢిల్లీ శాసనసభలో బాంబు వేసి భగత్ సింగ్ తనంతట తానే పట్టుబడ్డాడు. పిస్తోలు పోలీసుల చేతికి వచ్చింది. అమెరికాలోని కోల్ట్ కంపెనీ చేసింది. నెంబరు 168896. కేసు కాగితాల్లోకి ఆ నెంబరు ఎక్కింది. 1931 మార్చి 23న అతన్ని ఉరి తీశారు.

మరి పిస్తోలు ఏమైంది? తెల్లదొరల లెక్కలో అది నేరానికి వాడిన ఆయుధం. లాహోర్ నుంచి ఫిలౌర్ పోలీసు శిక్షణ కేంద్రానికి చేరింది. 1969లో మరికొన్ని ఆయుధాలతో కలిపి దాన్ని ఇండోర్‌లోని సరిహద్దు భద్రతా దళానికి పంపేశారు. అక్కడ మ్యూజియంలో పెట్టారు. అది ఎవరిదో అక్కడివారికి తెలియదు.

2016లో పంజాబ్ విలేకరి జుపిందర్‌జిత్ సింగ్ పాత కాగితాల్లోని నెంబరు పట్టుకుని వెతకడం మొదలుపెట్టారు. ఇండోర్ దాకా జాడ దొరికింది. తీరా చూస్తే పిస్తోలు నిండా నల్లరంగు! తుప్పు పట్టకుండా పూశారట. నెంబరు దానికింద కప్పడిపోయింది. రంగు గీకారు. ఒక్కో అంకే బయటపడింది. 168896.

2017లో దాన్ని పంజాబ్‌లోని హుస్సేనీవాలా మ్యూజియానికి తెచ్చారు. సట్లెజ్ నది ఒడ్డున, పాకిస్తాన్ సరిహద్దు పక్కనే ఉంది ఆ ఊరు. భగత్ సింగ్‌ను, రాజగురును, సుఖదేవ్‌ను దహనం చేసింది అక్కడే.