మారుమూలల కోసం పుట్టిన విమానం

మన పల్లెలో అర్ధరాత్రి ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే ఏ ఆటోనో మాట్లాడుకుని పట్నం ఆసుపత్రికి పరుగెత్తుతాము. దారి గుంటలమయమైనా, దారంటూ ఒకటి ఉంటుంది. ఆ దారి కూడా లేని ఊళ్లు లోకంలో ఇంకా ఉన్నాయి. పాపువా న్యూగినీ కొండల్లో, కాంగో అడవుల్లో కొన్నిచోట్ల ఆసుపత్రికి చేరాలంటే రోజుల తరబడి నడవాలి. అక్కడివారికి చిన్న విమానమే అంబులెన్సు, అదే సరుకుల బండి. అటువంటి ఊళ్లను దృష్టిలో పెట్టుకొని పుట్టిన ఒక కంపెనీ కథను ఈ నెల పాఠకులతో పంచుకోవాలనుకున్నాము.

రెండవ ప్రపంచ యుద్ధంలో విమానాలు నడిపిన కొందరు క్రైస్తవులు, ఆ నేర్పును మిషను సేవకు వాడాలని 1945లో అమెరికాలో ఒక సంస్థను స్థాపించారు. నేడు దాని పేరు మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్. 1946లో బెట్టీ గ్రీన్ అనే సోదరి ఆ సంస్థ తొలి విమానాన్ని మెక్సికోకు నడుపుకుంటూ వెళ్లింది. తరువాతి దశాబ్దాలలో సెస్నా కంపెనీవారి చిన్న విమానాలు ఈ పనికి ఎంతో ఉపకరించాయి.

కాని ఒక చిక్కు వచ్చింది. ఆ విమానాలకు ప్రత్యేకమైన పెట్రోలు కావాలి. పేద దేశాలలో అది దొరకడం కష్టమైంది, ధర పెరిగిపోయింది. కిరోసిను వంటి జెట్ ఇంధనం మాత్రం చాలా చోట్ల దొరుకుతుంది. ఇంధనం లేక విమానం ఆగిపోతే, ఆ కొండమీది రోగికి ఆసుపత్రి మళ్లీ దూరమైపోతుంది.

ఈ అవసరం తీర్చడానికి 2001లో అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో, శాండ్‌పాయింట్ అనే చిన్న పట్టణంలో క్వెస్ట్ కంపెనీ మొదలైంది. విమానాల కిట్లు తయారుచేసి పేరు పొందిన టామ్ హామిల్టన్ దాని స్థాపకులలో ఒకరు. ఇంకా పుట్టని విమానానికి మిషను సంస్థలు ముందుగానే డబ్బు సమకూర్చాయి. వ్యాపారానికి అమ్మే విమానాల ఆసరాతో కొన్నిటిని మిషన్లకు తయారీ ఖర్చుకే ఇవ్వాలన్నది వారి ఏర్పాటు.

ఆ విమానం పేరు కోడియాక్. 2004లో మొదటిసారి ఎగిరింది, 2007లో అమెరికా ప్రభుత్వ అనుమతి పొందింది. 750 హార్స్‌పవర్ ఇంజను జెట్ ఇంధనంతో నడుస్తుంది. పైలటుతో కలిపి పదిమంది కూర్చోవచ్చు. నిండు బరువుతో కూడా సుమారు 300 మీటర్ల లోపే నేల విడుస్తుంది. రాళ్ల నేలమీద దెబ్బతినకుండా ప్రొపెల్లరును ఎత్తుగా అమర్చారు. వేగం బాగా తగ్గినప్పుడు కూడా పైలటు చేతిలో అదుపు నిలిచేలా రెక్కల అంచులను మలిచారు.

కంపెనీ చేతులు మారింది. 2015లో జపానువారు, 2019లో ఫ్రాన్సుకు చెందిన డాహెర్ సంస్థవారు కొన్నారు. కోడియాక్ తయారీ మాత్రం ఆగలేదు. షికారు చేసే ధనికులూ ఇప్పుడు దానిని కొంటున్నారు.

తొంభై తొమ్మిది గొర్రెలను విడిచి ఒక్కదానికోసం వెళ్లిన కాపరి కథ మనకు తెలుసు. ఆ ఒక్కదానిని చేరడానికి మంచి మనసు ఒక్కటే చాలదు. ఇంజను లెక్కలు చూసేవారు, రేకులకు రివెట్లు కొట్టేవారు, డబ్బు పంపేవారు అందరూ కావాలి. వారిలో చాలామంది ఆ కొండ ఊరిని ఎన్నడూ చూసి ఉండరు. అయినా అక్కడ విమానం దిగి, జబ్బుపడిన తల్లిని ఎక్కించుకుని లేచినప్పుడు, వారి చేతులు కూడా ఆమెను మోసినట్లే కదా!