కుండీలో కంద చుట్టం

ఈనాడు ఎవరి ఇంటికి వెళ్ళినా గృహస్థుకంటె ముందుగా మనలను పలకరించేది వసారాలోని పూలకుండీ. పూలకుండీ అన్నానే గాని అందులో పూలు కనిపించవు. ఆకులే దాని సొగసు. పసుపు పండించే మా మోర్తాడ్‌లో కూడా ఇటువంటి ఆకుమొక్కలు ఇంటింటా వెలిశాయి. వాటిలో పలువురు ముచ్చటపడి తెచ్చుకొనేది అగ్లోనిమా. మూరెడు ఎత్తున గుబురుగా పెరుగుతుంది. పచ్చని ఆకుల మీద కొన్నిటికి వెండి చారలు, కొన్నిటికి గులాబీ చుక్కలు. చిన్న బల్లమీద కూడా ఒద్దికగా ఇమిడిపోతుంది.

నేను కళాశాలలో తెలుగు చెప్పేవాణ్ణి గనుక నా దృష్టి ముందు పేరు మీదికి పోయింది. గ్రీకు భాషలో 'అగ్లావోస్' అంటే మెరిసేది, 'నేమ' అంటే దారం. ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు షాట్ 1829లో ఈ పేరు పెట్టాడు. పేరు పరాయిదైనా చుట్టరికం మన పెరటిదే! చేమ, కంద, అగ్లోనిమా మూడూ ఒకే కుటుంబానికి చెందినవి. దీని పుట్టినిల్లు ఆగ్నేయాసియా అడవులు. అక్కడ పెద్దచెట్ల నీడలో, రాలిన ఆకులు చివికి గుల్లబారిన నేలలో, చెమ్మగాలిలో పెరుగుతుంది. ఈ సంగతి గుర్తుంచుకొంటే దీని పెంపకం సగం తెలిసినట్లే.

మన ప్రాంతంలో అమ్మకానికి వచ్చే మొక్కలలో కడియం, కడియపులంక నర్సరీలవి చాలా ఉంటాయి. మా దగ్గర పోచంపాడులో ఆనకట్ట కట్టి నిలిపిన గోదావరే ఆ నర్సరీలకూ నీరిస్తుంది. నది ఒకటే గాని గాలి వేరు. సముద్రపు చెమ్మకు అలవాటుపడిన మొక్క మా పొడిగాలిలోకి వచ్చి కొన్నాళ్ళు వాడుముఖం వేస్తుంది. అది చూసి మనం కంగారుపడి నీళ్ళు గుమ్మరిస్తాము.

మా వీధిలో ఒక ఇల్లాలు రెండు పూటలా చెంబెడేసి నీళ్ళు పోసింది. ఆకులు పచ్చబారాయి. దాహమేమోనని మూడో పూట కూడా పోసింది. పది రోజులు తిరిగేసరికి కాండం మెత్తబడి ఒరిగిపోయింది. అప్పుడు అటుగా వచ్చిన ఒక పసుపు రైతు కుండీలోకి తొంగిచూసి, "అమ్మా, పసుపు మళ్ళ నీళ్ళు నిలవనిస్తమా? దుంప మురిగిపోదూ? మరి గీ కుండల ఎందుకు నిలవనిచ్చిన్రు?" అన్నాడు.

శాస్త్రం చెప్పేదీ అదే. నీరు నిలిచిన మట్టిలో వేళ్ళకు గాలి అందదు. అదను చూసి పిథియం అనే సూక్ష్మజీవి పట్టుకొంటుంది. పసుపులో దుంపకుళ్ళు తెచ్చేదీ, కుండీలో వేరుకుళ్ళు తెచ్చేదీ ఈ కోవలోనివే. మాకు పొరుగున కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధనా కేంద్రం ఉంది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లోనే ప్రారంభమైంది. చుట్టూ ఇంత పసుపు చదువు ఉండగా కుండీకి వేరే గురువెందుకు?

కుండీ అడుగున బెజ్జం తప్పనిసరి. ఎర్రమన్ను, ఇసుక, కొబ్బరిపొట్టు, బాగా చివికిన పశువుల ఎరువు ఇంచుమించు సమంగా కలిపితే మట్టి గుల్లగా ఉంటుంది. నీళ్ళు పోసేముందు వేలిని రెండు కణుపుల లోతు దించి చూడండి. పొడిగా తగిలితేనే పోయాలి. పోసినప్పుడు బెజ్జంలోనుంచి కారేదాకా పోసి, పళ్ళెంలో చేరిన నీటిని పారబోయాలి. వేసవిలో తరచుగా, చలికాలంలో అరుదుగా అవసరమవుతుంది. రోజుల లెక్కకంటె వేలి లెక్క నమ్మదగినది.

ఎండ నేరుగా తగిలితే ఆకు మాడుతుంది. కిటికీకి కాస్త ఎడంగా, వెలుతురు పరుచుకొనే చోట ఉంచండి. పచ్చాకు రకాలు మసక వెలుగుతో సరిపెట్టుకొంటాయి. ఎర్రాకు రకాలకు వెలుతురు ఇంకొంచెం కావాలి. మా జిల్లాలో వడగాలి ఎంత శత్రువో చలి కూడా అంత శత్రువు. ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు దిగే రాత్రులలో కుండీని వసారాలోనుంచి లోపలికి తేవాలి. వారానికొకసారి తడిగుడ్డతో ఆకులమీది దుమ్ము తుడవండి. పిండినల్లి కనిపిస్తే సబ్బునీటిలో ముంచిన దూదితో తుడిచివేయవచ్చు.

పసిపిల్లలున్న తల్లులకు ఒక ముఖ్యమైన మాట. కందకు దురద పెట్టే సూదులవంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు దీని ఆకులోనూ, కాడలోనూ ఉన్నాయి. కందను చింతపండు వేసి ఉడికించి తింటాము. ఇది ఏ విధంగానూ తినదగినది కాదు. పిల్లవాడు ఆకు కొరికితే నోరు మండి, పెదవులు వాస్తాయి. నోరు కడిగి, చల్లని నీళ్ళో పాలో కొద్దికొద్దిగా తాగించండి. వాంతి చేయించే ప్రయత్నం చేయవద్దు. వాపు పెరిగినా, మింగడం కష్టమైనా, ఊపిరి ఇబ్బందైనా తక్షణం ఆసుపత్రికి వెళ్ళాలి. కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత. ఇక్కడ మాత్రం ఆ దురద ముందుగా పెద్దలకే ఉండాలి. కుండీని పిల్లల చేతికందని ఎత్తున పెట్టి, కొమ్మ కత్తిరించాక చేతులు కడుక్కోవాలి.

ఇంటిగాలిని శుభ్రం చేస్తుందని దీనిని కొనేవారూ ఉన్నారు. 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా మూసిన పెట్టెలలో చేసిన పరీక్షల నుంచి పుట్టిన నమ్మకం అది. మామూలు ఇంట్లో ఆ ఫలితం రావాలంటే చదరపు మీటరుకు కనీసం పది మొక్కలు, ఒక్కొక్కప్పుడు వందలు కావలసివస్తుందని 2019లో ఇద్దరు అమెరికన్ పరిశోధకులు లెక్క తేల్చారు. గాలి కోసం కిటికీ తెరవండి. కంటికి ఇంపు కోసం మొక్కను పెంచండి.

మొక్క బాగా కుదురుకొంటే మొదట్లో పిలకలు వేస్తుంది. వానాకాలంలో వేళ్ళతో సహా ఒక పిలకను వేరుచేసి పొరుగువారికి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు దానితోపాటు వేలి లెక్క కూడా చెప్పి పంపండి.