ఏ మేష్టారిని అడగాలి?

మనవాళ్లకు సిఫారసు అనగానే ఎవరో ఒక పెద్దమనిషి గుర్తొస్తాడు. సీటు కావాలన్నా, బదిలీ ఆగాలన్నా ఆయనగారి చేత ఒక మాట చెప్పిస్తే చాలుననే నమ్మకం తాతలనాటి నుంచీ వస్తున్నది. అమెరికా కాలేజీలకు దరఖాస్తు పెట్టే మన పిల్లలను తప్పుదారి పట్టిస్తున్నది ఈ మాటేనని నా అభిప్రాయం. అక్కడివారు అడిగే ఉత్తరానికి పేరు సిఫారసే గాని, వారికి కావలసింది సాక్ష్యం. ఈ పిల్ల చదువుకుంటూండగా దగ్గరగా చూసినవారెవరు, చూసిందేమిటి - అంతే.

ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరయినవాణ్ణి గనుక, ఈ సలహా కోసం ఇప్పటికీ నా దగ్గరకు వచ్చేవారున్నారు. పోయిన వేసవిలో మా వీధి అమ్మాయి ఒకతె మేనమామను వెంటబెట్టుకొని వచ్చింది. ఆయన చేతిలో ఒక జాబితా: కాలేజీ ప్రిన్సిపాలు, ఒక మాజీ ఎమ్మెల్యే, ఏదో కంపెనీ డైరెక్టరు.

"వీరిలో ఎవరు రాస్తే బరువుగా ఉంటుందంటారు, మేష్టారూ?"

"వీరిలో అమ్మాయి పేరు ఎవరికి తెలుసునండీ?" అన్నాను.

ఆయన అమ్మాయి వంక చూశాడు. అమ్మాయి నేల వంక చూసింది. కాసేపటికి నెమ్మదిగా చెప్పింది: ల్యాబులో టైట్రేషన్ రీడింగు మూడుసార్లు తేడా వస్తే, మిగతావాళ్లు పక్కవాళ్ల అంకె వేసుకుని వెళ్లిపోయారట. ఈమె మాత్రం ఉండిపోయి, బ్యూరెట్టు మొనలో గాలిబుడగ ఉన్నదని కనిపెట్టింది. అప్పుడు పక్కన నిలబడి చూసినవాడు ఒక కుర్ర లెక్చరరు.

"అతను నిన్నగాక మొన్న చేరాడండీ!" అన్నాడు మేనమామ.

చేరితేనేం? తెలివైనది, బుద్ధిమంతురాలు అని ప్రిన్సిపాలుగారు ఏ పిల్లకైనా రాయగలరు. గాలిబుడగ సంగతి ఆ కుర్రవాడొక్కడే రాయగలడు.

పేరుమోసిన కాలేజీలు చాలావరకు ఇద్దరు టీచర్ల ఉత్తరాలు అడుగుతాయి. ఎం.ఐ.టి. వారు ఇంకో మెలిక పెట్టారు: ఒకరు లెక్కలో సైన్సో చెప్పినవారు కావాలి, రెండోవారు భాషో చరిత్రో అలాంటిదేదో చెప్పినవారు కావాలి. మన ఎం.పి.సి. పిల్లలకు ఇక్కడే చిక్కు. మార్కుల కోసం సంస్కృతం తీసుకొని, ఆ క్లాసులో కూడా లెక్కల పుస్తకం ముందేసుకొని కూర్చున్న అబ్బాయి గురించి ఆ పండితుడు పాపం ఏం రాస్తాడు? ఇంగ్లీషు లెక్చరరుతోనైనా మొదటి ఏడాది నుంచీ నాలుగు మాటలు మాట్లాడుతూ ఉండటం మంచిది.

ఉత్తరం పొడుగు సంగతి పట్టించుకోనక్కర్లేదు. 1948లో డఫిన్ అనే ప్రొఫెసరు, జాన్ నాష్ అనే తన శిష్యుడి గురించి ప్రిన్‌స్టన్‌కు రాసినది నాలుగైదు పంక్తులే. కుర్రవాడికి పందొమ్మిదేళ్లనీ, గణితంలో మహామేధావి అనీ రాసి ఊరుకున్నాడు. ఆ నాష్‌కే 1994లో నోబెల్ బహుమానం వచ్చింది. అయితే డఫిన్ అతనికి స్వయంగా చదువు చెప్పినవాడు!

"నువ్వే రాసుకు రా బాబూ, సంతకం పెడతాను" అనే మేష్టర్లు మన దగ్గర కొల్లలు. అటువంటివారికి దూరంగా నమస్కారం పెట్టండి. ఉత్తరాన్ని టీచరే ఆన్‌లైనులో నేరుగా పంపాలి. 1974 నాటి అమెరికా చట్టం ప్రకారం, కాలేజీలో చేరాక దాన్ని చూసే హక్కు విద్యార్థికి ఉన్నది. ఆ హక్కు వదులుకుంటావా అని దరఖాస్తులోనే అడుగుతారు. వదులుకోమనే నేను చెబుతాను. చాటున రాసిన మాటకే అక్కడ విలువ.

అడిగేటప్పుడు "రాస్తారా?" అని కాక, "నా గురించి బాగా రాయగలరాండీ?" అని అడగాలి. నసిగితే ఇంకొకరి దగ్గరకు వెళ్లాలి. ఒప్పుకుంటే, ఆయన క్లాసులో మీరు చేసిన పనులు ఒక కాగితం మీద రాసివ్వాలి. వందల మంది పిల్లల్లో ఆయనకు మాత్రం ఎంతని గుర్తుంటుంది? చాలా కాలేజీలకు గడువు జనవరి మొదట్లో, తొందరపడేవారికి నవంబరు మొదట్లో. ఆగస్టులో అడిగితే ఏ ఆదివారమో తీరిగ్గా కూర్చుని రాస్తాడు. డిసెంబరు ఆఖర్న అడిగితే, నిరుడు ఎవరికో రాసిన ఉత్తరంలో పేరు మార్చి పంపుతాడు.