గాడులున్నాయి కదా అని టైరుని నమ్మకండి!

కుక్కర్ గాస్కెట్ పాతబడితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? చూడ్డానికి ఎక్కడా తెగినట్టుండదు, అయినా ఆవిరంతా పక్కల నుంచి పోతూనే ఉంటుంది. స్కూటర్ టైరుకీ ఇదే జబ్బు వస్తుందని పోయిన వానాకాలం దాకా నాకు తెలియదు.

మా ఆడపడుచు వాళ్ళు ఏళ్ళ తరబడి వాడకుండా ఎండలో వదిలేసిన స్కూటర్ని మా అమ్మాయి కాలేజీకని తెచ్చుకున్నాం. టైర్ల గాడులన్నీ లోతుగానే ఉన్నాయి. ఇంకేం, కొత్తవాటితో సమానం అనుకున్నాం. మొదటి వానకే మలుపులో బండి జారి పిల్ల మోచెయ్యి దోక్కుపోయింది. వెనకాల బస్సు రాలేదు కాబట్టి సరిపోయింది. "నెమ్మదిగా నడపొద్దూ?" అని దాన్నే కేకలేశాను. పంక్చర్ షాపతను టైరు మీద గోరు నొక్కి చూపించాడు. దిగలేదు. "గాడులున్నాయమ్మా, రబ్బరే రాయైపోయింది" అన్నాడు. అమ్మాయి నా వంక చూసింది.

అసలు సంగతేమిటంటే, గాడుల పని నీళ్ళని పక్కకి తోసెయ్యడం. అవి అరిగిపోతే టైరుకీ రోడ్డుకీ మధ్య నీళ్ళు నిలిచి పట్టు తప్పుతుంది. పొడి రోడ్డు మీద వాటితో అంత పనిలేదు. రేసు కార్లకి వానలేని రోజున నున్నటి టైర్లే వేస్తారు! రోడ్డుని పట్టుకునేది రబ్బరు. మెత్తటి రబ్బరు రోడ్డు గరుకులోకి ఒదిగి గట్టిగా పట్టుకుంటుంది గానీ త్వరగా అరుగుతుంది. గట్టిది ఎక్కువకాలం మన్నుతుంది, పట్టు తక్కువ. అందుకే రబ్బరులో గంధకం, నల్లటి కార్బన్ పొడి, తడిలో పట్టు కోసం సిలికా పాళ్ళు చూసి కలుపుతారు. అరిసెల పాకం కుదిర్చినట్టే అనుకోండి. ఎండకీ గాలికీ ఏళ్ళు గడిచేకొద్దీ ఆ మెత్తదనం పోతుంది.

టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, వెతకండి. 3221 అంటే 2021లో 32వ వారంలో తయారైందని. మా టైరు మీద 1412 ఉంది! గాడుల అడుగున చిన్న దిమ్మలుంటాయి, టైరు అరిగి వాటితో సమానమైతే ఇక మార్చాల్సిందే. పక్కల సన్నటి పగుళ్ళు కనిపించినా మెకానిక్కుకి చూపించండి. తళతళలాడాలని నూనె, పాలిష్ లాంటివి మాత్రం నేలకి తగిలే భాగానికి రాయకండి.

రెండు టైర్లూ మార్పించాం. కొత్తవి కూడా మొదట్లో కాస్త జారతాయట. మొదటి వంద కిలోమీటర్లూ మలుపుల్లో మెల్లగా వెళ్ళమ్మా అని చెప్పాను, ఈసారి కేకలెయ్యకుండా.