మీకు తెలుసా? తెర మీది సాహసం చేతిలో పుస్తకం!

'స్టార్ వార్స్' సినిమా విడుదలైంది 1977 మేలో. మరి దాని నవల? సినిమా కంటే ఆరు నెలల ముందే దుకాణాల్లోకి వచ్చేసింది! అట్ట మీద పేరేమో దర్శకుడు జార్జ్ లూకస్‌ది. లోపల రాసిందంతా అలన్ డీన్ ఫోస్టర్!

ఆ నవల్లో ఇంకో తమాషా దాగుంది! సినిమాలో హీరో ల్యూక్ ఆఖరి యుద్ధానికి 'రెడ్ 5'గా ఎగురుతాడు. పుస్తకంలో మాత్రం అతను 'బ్లూ 5'! ఎందుకలా? అంతరిక్ష ఓడల బొమ్మల్ని నీలి తెర ముందు పెట్టి షూటింగ్ చేశారు. ఓడ మీద నీలం గీతలుంటే అవి తెరలో కలిసిపోయి మాయమైపోతాయి! అందుకని సినిమా వాళ్లు రంగు ఎరుపుకు మార్చేశారు. నవలకు ఆధారం పాత స్క్రిప్టు కదా, అందులో నీలమే ఉండిపోయింది! ఇలాంటి పుస్తకాలకు ఈ లక్షణం ఉంది. ఎడిటింగ్‌లో ఎగిరిపోయిన సీన్లు కూడా వీటిలో బతికే ఉంటాయి. నాకు ఇవి నచ్చేది అందుకే!

'గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ' చూశారా? అందులో నడిచే చెట్టు గ్రూట్ మాట్లాడేది దాదాపు 3 మాటలే: 'ఐ యామ్ గ్రూట్'! తెర మీద గొంతు మార్చి ఆ మూడు మాటల్తోనే నవ్విస్తారు, ఏడిపిస్తారు. కాగితం మీద గొంతు ఎక్కడిది? అయినా ఆ సినిమాను పిల్లల నవలగా రాశారు!

పిల్లల కోసం రాసే ఇలాంటి వాటిని జూనియర్ నవలలంటారు. చిన్న అధ్యాయాలు, తేలిక మాటలు. చాలా వాటిలో మధ్యన 8 పేజీల రంగుల ఫొటోలు! ముందు ఫొటోలు చూడని పిల్లలుంటారా?

ఒకే కథ. సినిమాలో ఓడ వెళ్లేది గురు గ్రహానికి. నవల్లో శని గ్రహానికి! ఇది '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' సంగతి. శని చుట్టూ ఉండే వలయాల్ని తెర మీద నమ్మకంగా చూపించడం 1968 నాటి సినిమా వాళ్లకు చేతకాలేదు! రచయిత ఆర్థర్ క్లార్క్‌కు ఆ బాధ లేదు. కలం ఉంటే చాలు, వలయాలు తిరుగుతాయి!

సూపర్‌మ్యాన్ తల్లిదండ్రుల పేర్లు చెప్పండి చూద్దాం! జోర్-ఎల్, లారా. ఆ పేర్లు ఈ రూపంలో తొలిసారి కనిపించింది కామిక్స్‌లో కాదు! జార్జ్ లోథర్ 1942లో రాసిన నవల్లో! అంతకుముందు తల్లి పేరు లోరా. నవల పెట్టిన పేర్లే సినిమా దాకా నిలిచాయి!

మన సూపర్‌మ్యాన్ సంగతో? 1980లో ఎన్టీఆర్ 'సూపర్‌మ్యాన్' అయ్యారు! ఆ శక్తులు వేరే గ్రహం నుంచి రాలేదు. సాక్షాత్తు ఆంజనేయుడే ఇచ్చాడు!

ఇక 'ఆదిత్య 369' సినిమా! కాలయంత్రం ఎక్కి కృష్ణదేవరాయల కాలానికి వెళ్తారు, అక్కణ్నుంచి ఏకంగా 2504వ సంవత్సరానికి! ఈ కథను పదేళ్ల పిల్లలు చదువుకునే నవలగా, బొమ్మలతో, మన చిట్యాల బడి లైబ్రరీలో చూడాలని నాకెంత ఆశో!

అసలు సినిమాను నవలగా రాయడం మనకు కొత్తేం కాదు! దానికి చక్కటి పేరే ఉంది, వెండితెర నవల! అక్కినేని రెండు పాత్రలు వేసిన 1961 నాటి 'ఇద్దరు మిత్రులు' కథను అలా నవలగా రాసిందెవరో తెలుసా? బుడుగును పుట్టించిన ముళ్ళపూడి వెంకటరమణ!

సినిమా హాలు దగ్గర అమ్మిన పాటల పుస్తకాల గురించి మీ తాతల్ని అడగండి! పలచటి కాగితం. ముందు కథ, వెనక పాటలు. కథ మంచి పట్టులోకి రాగానే 1 లైనుతో ఆపేసేవారు: శేషం వెండితెరపై చూడండి! ఎంత గడుసుతనం!

'పాతాళభైరవి' తీసినవాళ్లే పిల్లల చేతికి 'చందమామ' ఇచ్చారు! నాగిరెడ్డి, చక్రపాణి 1947లో మొదలుపెట్టారు. తెర మీద మాంత్రికుడు, పత్రికలోనూ మాంత్రికులే! దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ల కోసం పిల్లలు నెలంతా ఎదురుచూసేవారు. ఆయన తొలి సీరియల్ పేరు 'తోకచుక్క'!

ఇప్పుడు కథ తలకిందులు! 'బాహుబలి'లో శివగామి మహారాణి కదా. ఆమె చిన్ననాటి కథ తెర మీద లేదు! సినిమా వచ్చాక ఆనంద్ నీలకంఠన్ ఆ కథను 3 ఇంగ్లీషు నవలలుగా రాశారు!

ఆఖరిది మన ఇంటి రహస్యం, సినిమాలు పుట్టకముందే మాటలతో తీసిన షాట్! జనగామ జిల్లా బమ్మెర పోతన సంస్కృత భాగవతాన్ని తెలుగు చేశాడు. అందులో పొట్టి వామనుడు ఆకాశం దాటి పెరుగుతాడు! ఎంత ఎత్తో ఎలా చెప్పాలి? పోతన సూర్యుణ్ని కదలకుండా నిలబెట్టాడు! ముందు సూర్యుడు వామనుడి తల మీద గొడుగు. కాస్త పెరగ్గానే తలలో మణి. తర్వాత చెవికి కమ్మ, మెడలో నగ, భుజానికి దండకడియం, ముంజేతికి కంకణం, నడుముకు గంట, కాలికి అందె. చివరికి ఆ సూర్యుడే పాదాల కింద పీట! ఒక్క పద్యంలో 9 చోట్లు! గ్రాఫిక్స్ వాళ్లు ఇవాళ తీయాలన్నా షాట్ ఇదే! ఎనిమిదో స్కంధం తెరవండి, బలి చక్రవర్తి కథలో ఉంది!